వలస వేరు, శరణు వేరు: ఆ తేడా బడిలోనే చెప్పాలి

సంపాదకులకు,

పాలమూరు పిల్లలకు వలస అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. ముంబయికో పుణెకో పనికి పోయినవాళ్లు లేని ఊరు ఇక్కడ అరుదు. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో వలసల పాఠమూ ఉంది. చిక్కు అక్కడే వస్తోంది. ‘శరణార్థి’ అనగానే పిల్లలు దాన్ని తమకు తెలిసిన వలసలో కలిపేస్తారు. బతుకుదెరువుకు వచ్చినవాళ్లే కదా అంటారు. పెద్దలు ఇంకో అడుగు ముందుకేసి చొరబాటుదారులు అంటారు. ఈ విషయంలో పత్రికలూ తక్కువేం తినలేదు.

మన భాషలో దీనికి పాత మాట ఒకటుంది: కాందిశీకుడు. ‘ఏ దిక్కుకు పోను’ అంటూ పరుగెత్తేవాడని సంస్కృతంలో దాని అర్థం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది మన దేశానికి వచ్చిన రోజులు ఎరిగిన పెద్దలకు ఈ మాట గుర్తుండే ఉంటుంది. చట్టం చెప్పే నిర్వచనం కూడా ఆ అర్థానికి దగ్గరే. శరణార్థుల గురించి కుదిరిన 1951 జెనీవా ఒప్పందం ప్రకారం శరణార్థి సొంత దేశం సరిహద్దు దాటి ఉండాలి. తిరిగి వెళితే వేధిస్తారన్న భయానికి తగిన ఆధారం ఉండాలి. ఆ వేధింపు జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే ఐదింటిలో ఏదో ఒక కారణంతో జరిగేదై ఉండాలి. 1951కి ముందు జరిగిన సంఘటనలకే అన్న పరిమితిని 1967 ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) తీసేసింది.

ఈ నిర్వచనాన్ని బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తే మర్నాటికి ఒక్క ముక్క మిగలదు. మొదటి పీరియడు చీటీలతో మొదలుపెట్టాలి. పుణెకు పోయిన మేస్త్రీ, దుబాయిలో వీసా గడువు దాటిన కూలీ, శ్రీశైలం ముంపులో ఊరు పోయిన రైతు, ప్రభుత్వాన్ని విమర్శించి రాసినందుకు పోలీసులు వెతుకుతుంటే పక్క దేశానికి పారిపోయిన విలేకరి, బాంబుల భయంతో సరిహద్దు దాటిన కుటుంబం, సొంత దేశంలో ఊచకోతలో పాల్గొని తప్పించుకున్న సైనికాధికారి. ఆరు చీటీలు, ఆరు జట్లు, పది నిమిషాలు. ఎవరు శరణార్థి, ఎందుకు?

చాలామంది ముంపు రైతునే ఎంచుకుంటారు, అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆయనే కాబట్టి. కానీ ఆయన సరిహద్దు దాటలేదు. ఆయన నిర్వాసితుడు, ఆయన హక్కులు వేరే చట్టాల్లో ఉన్నాయి. పేదరికమూ ఆ ఐదు కారణాల్లో లేదు. విలేకరి సంగతి సులువు. యుద్ధం నుంచి వచ్చిన కుటుంబం దగ్గర క్లాసు రెండుగా చీలుతుంది, చీలాలి కూడా. యుద్ధం ఒక్కటే 1951 నిర్వచనానికి సరిపోకపోవచ్చు. అందుకే ఆఫ్రికా దేశాలు 1969లో తమ ఒప్పందంలో నిర్వచనాన్ని పెంచుకున్నాయి. సైనికాధికారికి భయం నిజమే అయినా, యుద్ధ నేరాలు చేసినవారికి ఈ రక్షణ లేదని ఒప్పందమే చెబుతుంది.

రెండో పీరియడులో, శరణు అడిగినవాళ్లను అధికారి చేసే ఇంటర్వ్యూను పిల్లలచేత ఆడించాలి. అసలు పాఠం ఇదేనని మా అభిప్రాయం. శరణు అడిగినవాళ్ల దగ్గర తరచూ కాగితాలుండవు, వాళ్ల మాటే సాక్ష్యం. ఇక్కడ మన జిల్లాలకు ఒక సౌకర్యం ఉంది. తండా నుంచి వచ్చే అమ్మాయి శరణు అడిగే మనిషిగా తన కథ లంబాడీలో చెప్పాలి, రెండు భాషలూ వచ్చిన ఇంకొకరు తెలుగు చేయాలి, తెలుగు మాత్రమే వచ్చిన మూడో విద్యార్థి అధికారిగా రాసుకోవాలి. నారాయణపేట వైపైతే కన్నడ, మరాఠీ కూడా పనికొస్తాయి. అదే కథను ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ అడగండి. మొదట ‘పత్తి తీసే రోజుల్లో’ అన్నది రెండోసారి ‘దసరా తర్వాత’ అవుతుంది. అధికారి నవంబరు అని రాసుకుని ఉంటాడు. ఇది అబద్ధమా, తర్జుమాలో జారిపోయిందా, భయంలో తేదీలు చెదిరాయా? హత్య కేసులోలా అనుమానానికి తావు లేని రుజువు ఇక్కడ అడగరు. వేధింపు జరగడానికి పదింట ఒక వంతు అవకాశం ఉన్నా ఆ భయం సహేతుకమే కావచ్చని 1987లో అమెరికా సుప్రీంకోర్టు అంది. పిల్లలు ఈ లెక్క దగ్గర గంటసేపైనా వాదించుకుంటారు.

మూడో పీరియడులో మన దేశం. ఇక్కడ ఉపాధ్యాయులు తడబడేది ఎక్కువ. భారత్ 1951 ఒప్పందంలో చేరలేదు, శరణార్థులకంటూ మనకు చట్టం లేదు. 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం కింద సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశిస్తే ఐదేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. టిబెటన్లను, శ్రీలంక తమిళులను ప్రభుత్వమే చూసుకుంటుంది. మయన్మార్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవారి దరఖాస్తులను ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ పరిశీలిస్తుంది. అది ఇచ్చే కార్డు వీసా కాదు. పౌరసత్వ సవరణ చట్టాన్ని ఇందులో కలపొద్దు, అది పౌరసత్వం గురించి, శరణు గురించి కాదు.

రాజ్యాంగంలో స్వేచ్ఛల గురించిన 19వ అధికరణ ‘పౌరులు’ అంటుంది, ప్రాణ రక్షణ గురించిన 21వది ‘వ్యక్తి’ అంటుంది. ఈ రెండు మాటల కింద గీత గీయించి, రెండు తీర్పులు పక్కపక్కన పెట్టండి. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో స్థిరపడిన చక్మాల కేసులో, పౌరులు కానివారి ప్రాణాన్నీ రాష్ట్రం కాపాడాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల కేసులో, దేశం నుంచి పంపించకూడదనే హక్కు పౌరులకే ఉంటుందని, అయినా పద్ధతి ప్రకారమే పంపాలని చెప్పింది. ఒక్కటే చెప్పి రెండోది దాచే టీచర్లు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు.

హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో రోహింగ్యా కుటుంబాలున్నాయి కదా, పిల్లల్ని బస్సులో తీసుకెళ్లి చూపిద్దామని కొందరికి తోస్తుంది. వద్దు. వాళ్లు ప్రదర్శన వస్తువులు కారు. ఒక ఫొటో బయటికి పోతే మయన్మార్‌లో మిగిలిన బంధువులకు ప్రమాదం. మీ క్లాసులోనే అలాంటి పిల్లలుంటే వాళ్ల కథ అడగొద్దు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ‘ప్రతి బిడ్డ’ అంది, పౌరుల బిడ్డ అనలేదు. అంతవరకు చెబితే చాలు.

ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు ఇంకో అవసరం ఉంది. ఉద్యోగం దొరక్క అమెరికాలో వీసా గడువు ముగుస్తున్నవాళ్లకు ‘అసైలం (శరణు దరఖాస్తు) వేయిద్దాం, వర్క్ పర్మిట్ వస్తుంది’ అనే ఏజెంట్లు తగులుతారు. అక్కడ దరఖాస్తు ఐ-589 ఫారంలో, దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోపు వేయాలి, మినహాయింపులు కొద్ది. ఉద్యోగం లేకపోవడం కారణం కాదు. తెలిసి తెలిసి కట్టుకథ వేశారని తేలితే ఆ దేశపు ఇమిగ్రేషన్ ప్రయోజనాలకు శాశ్వతంగా తలుపు మూసుకుంటుంది. ఏజెంటు ఈ సంగతి చెప్పడు.

బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి, జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం. పాఠాలు ఊపందుకోకముందే మూడు పీరియడ్లు దొరుకుతాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడిగితే ఇంటర్వ్యూ రోజున ఒక న్యాయవాదిని పంపగలరు. మీ పత్రికకు ఒక విన్నపం: సరిహద్దు దాటి వచ్చినవాళ్ల వార్త జిల్లా పేజీకి వచ్చినప్పుడు, శరణు కోరుతూ దరఖాస్తు పెట్టారా లేదా అని విలేకరిని ఒక్క ప్రశ్న అడిగించండి. ఏ మాట వాడాలన్నది ఆ తర్వాత తేల్చవచ్చు.

ఇట్లు,
ఒక న్యాయవాది, ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు
మహబూబ్‌నగర్