ఆల్బమ్ పంపేముందు ఒక్కసారి చూసుకో

అమ్మడూ,

నీ ఆల్బమ్‌ని గ్రామీకి పంపుతున్నావని తెలిసి సంతోషమేసింది. అయితే నువ్వు రాసిన "కాంటెంపరరీ జాజ్" విభాగం ఇప్పుడక్కడ లేదు. 2011లో బాసిస్టు స్టాన్లీ క్లార్క్ బ్యాండ్ అందుకున్నదే ఆఖరిది. ఆ తర్వాత మొత్తం విభాగాలను 109 నుంచి 78కి కుదించినప్పుడు దాన్నీ ఎత్తేశారు. 2008లో పియానిస్టు హెర్బీ హ్యాంకాక్ ఆల్బమ్ 'రివర్: ది జోనీ లెటర్స్' ఆ విభాగంలో గెలిచి, ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కూడా కొట్టింది. అలాంటి విభాగాన్ని తీసేయడం అన్యాయమే. అప్పుడే పోయిన లాటిన్ జాజ్ కోసం కళాకారులు కోర్టుకెక్కారు, 2013కి అది తిరిగొచ్చింది.

నీలా జాజ్‌లో హిప్‌హాప్, ఎలక్ట్రానిక్ కలిపి వాయించేవాళ్ళకి 2024 నుంచి బెస్ట్ ఆల్టర్నేటివ్ జాజ్ ఆల్బమ్ ఉంది. మొదటి రెండేళ్ళూ అమెరికన్ గాయని, బాసిస్టు మిషెల్ ఎన్డెగెఓచెల్లోకే దక్కింది. నీ ఆల్బమ్ అక్కడికే వెయ్యి. ఒకే ఆల్బమ్‌ని రెండు జాజ్ ఆల్బమ్ విభాగాల్లో వెయ్యనివ్వరు. స్క్రీనింగ్ కమిటీ విని, సరిపోదనుకుంటే వేరే విభాగానికి మార్చేస్తుంది కూడా.

నాకు భయం నీ పాత లైవ్ ట్రాక్ గురించే. ఆల్బమ్ నిడివిలో 75 శాతానికి పైగా కొత్త రికార్డింగులుండాలి. కొత్తవంటే విడుదలకు ముందు ఐదేళ్ళలోపు రికార్డ్ చేసినవి, అంతకుముందు బయటికి రానివి. నీ ఆల్బమ్ 40 నిమిషాలు, ఆ ట్రాక్ 12 నిమిషాలు. మిగిలింది 28, అంటే 70 శాతమే. ట్రాకుల లెక్కన చూస్తే ఎనిమిదింట్లో ఒక్కటే కదా అనిపిస్తుంది, కానీ వాళ్ళు చూసేది నిమిషాలు. దాన్ని తీసెయ్యి, మిగిలిన ఏడూ చాలు. ఐదు ట్రాకులు, 15 నిమిషాలుంటే వాళ్ళకి ఆల్బమే.

విడుదల తేదీ కూడా జాగ్రత్త. ఆల్బమ్ విడుదలవ్వాల్సిన గడువు ఏటా ఒకేలా ఉండదు: 2024 గ్రామీలకి 2023 సెప్టెంబరు 15తో ముగిసింది, 2025 వాటికి 2024 ఆగస్టు 30కే. పాత తేదీ నమ్ముకుంటే ఏడాది ఆగాల్సి వస్తుంది. ఎంట్రీని గ్రామీలిచ్చే రికార్డింగ్ అకాడమీ సభ్యులో, అక్కడ నమోదైన లేబులో వెయ్యాలి. మీ లేబుల్ నమోదైందో లేదో ఈ వారమే కనుక్కో.

విభాగాల గుంపుని వాళ్ళు ఫీల్డు అంటారు. ఓటర్లు జనరల్ ఫీల్డ్ (ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ లాంటి, అన్ని రకాల సంగీతానికీ ఉమ్మడి విభాగాలు) కాక మూడు ఫీల్డుల్లో కలిపి పది విభాగాలకే ఓటెయ్యగలరు. జాజ్ వినేవాళ్ళ చెవిన నీ సంగీతం ముందే పడాలి, అందుకే వేసవిలో కచేరీలు మానకు.

ఆ పాత ట్రాక్ తీసేశాక మిగిలిన ట్రాకులు కొత్త వరసలో పెట్టి నాకు పంపు, వింటాను.

ఆశీస్సులతో,
నాన్న