పదకొండు మ్యాచ్‌లయ్యాక రద్దయిన ట్రేడ్: ఒక ఫిర్యాదు

హనుమకొండ,
ఫిబ్రవరి 12, 2026.

కస్టమర్ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మా బాస్కెట్‌బాల్ సిమ్ (కంప్యూటర్ మ్యాచ్‌లు ఆడించే) లీగులో జనవరి 28న ఆమోదం పొందిన ట్రేడ్‌ను (ఆటగాళ్ల మార్పిడిని) ఫిబ్రవరి 9న మీరు రద్దు చేయడం గురించి.

అయ్యా,

మీ ఆటకు ఐదేళ్లుగా ఏటా 1,499 రూపాయల చందా కడుతున్న మేనేజర్‌ని నేను. మా లీగులో 16 టీములున్నాయి. నడిపేవాళ్లలో ఎక్కువమంది హనుమకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్ వాళ్లమే. ఆటగాళ్లంతా మీ కంప్యూటర్ పుట్టించినవాళ్లు. మేం టీము కూర్చి పెడతాం, రాత్రి పదింటికి మీ సిమ్ మ్యాచ్ ఆడిస్తుంది, పొద్దున చాయ్ తాగుతూ స్కోరు చూసుకుంటాం. గెలిచినవాడికి స్క్రీన్ మీద ఒక కప్పు బొమ్మ తప్ప పైసా రాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీ రద్దు మెయిల్‌లో ‘కుమ్మక్కు’ అనే మాట వాడారు.

ముందు ట్రేడ్ సంగతి. నా టీములో 94 రేటింగున్న సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) ఉండేవాడు. మా గ్రూపులో అందరూ పొడుగోడనే పిలుస్తారు. వయసు 31. కాంట్రాక్టు ఇంకా మూడు సీజన్లుంది, మొత్తం శాలరీ క్యాప్‌లో (టీము జీతాల పరిమితిలో) మూడో వంతుకు పైగా అతనొక్కడే మింగుతాడు. అంత పెద్ద స్టార్ ఉండి కూడా 30 మ్యాచ్‌ల్లో 12 గెలిచాను. అతని పక్కన నిలబడగలిగే మనిషిని కొనడానికి నా దగ్గర క్యాప్ మిగలదు కాబట్టి. కరీంనగర్ మేనేజర్ పరిస్థితి దీనికి తలకిందులు. అతని టీము పట్టికలో పైనుంది, రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చే బంతులు) అందుకునేవాడే లేడు. పొడుగోణ్ని అతనికి ఇచ్చి నేను తీసుకున్నవి: 22 ఏళ్ల గార్డు, ప్రస్తుత రేటింగు 78, బెంచీ మీద పనికొచ్చే ఒక ఫార్వర్డు, జీతాలు సరిపోవడానికి కాంట్రాక్టు ఆఖరి ఏడాదిలో ఉన్న ఒక ముసలి ఆటగాడు, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లను మొదటి విడతలో ఎంచుకునే హక్కులు). ఆ పిక్‌లు వరుస సీజన్లవి కావు, మధ్యలో ఒకటి వదిలినవి. వరుసగా రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు అమ్ముకోకూడదన్న ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) నియమం, 1980లలో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పేరు మీద పిలిచేది, మీ రూల్‌బుక్‌లో కూడా ఉంది. దాన్ని చదివే చేశాం.

జనవరి 26 సాయంత్రం ట్రేడ్ నమోదు చేశాం. రూల్‌బుక్ ప్రకారం 48 గంటల ఓటింగు జరిగింది. ఆపాలంటే 9 మంది వద్దనాలి. వద్దన్నది నలుగురు. 28న ఆమోదమైంది. 29 నుంచి ఫిబ్రవరి 8 దాకా 11 మ్యాచ్‌లు జరిగాయి. అందులో నేను మూడు గెలిచాను, కరీంనగర్ పది గెలిచింది. 9న మీ మెయిల్ వచ్చింది. మీ ‘విలువ మీటర్’ లెక్కలో నేనిచ్చింది 100 అయితే నాకొచ్చింది 71 అట. పైగా ఇద్దరం ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి ట్రేడ్ నమోదు చేశామట. కాబట్టి రద్దు.

ఒకే కనెక్షన్ మాట నిజమే. కరీంనగర్ మేనేజర్ నా బామ్మర్ది. మేడారం పోతూ మా ఇంట్లో రెండు రాత్రులు ఆగాడు. వాళ్ల బాబుకు నిలువెత్తు బంగారం మొక్కు ఉండె. పిల్లవాణ్ని తూకంలో కూర్చోబెట్టి బెల్లం జోకించుకుని వచ్చిన సాయంత్రమే, అన్నం తింటూ, “బావా, నీ పొడుగోణ్ని నాకియ్యరాదు” అని మొదలుపెట్టాడు. అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా బేరం నడిచింది. మొదట ఒక్క పిక్ ఇస్తానన్నాడు, నేను మూడడిగాను, రెండు దగ్గర తెగింది. కుమ్మక్కయితే ఇంత సేపు పడుతుందా? ఓటింగు ముగిసేసరికి అతను మేడారం జనంలో ఉన్నాడు, సిగ్నల్ లేదు. ఆమోదమైన సంగతి మర్నాడు తాడ్వాయి దాటాక గానీ తెలియలేదు.

దొంగ అకౌంట్ల బెడద మీకు ఉందని నాకు తెలుసు. పోయిన సీజన్‌లో ఒకరు రెండు టీములు నడుపుతూ మంచి ఆటగాళ్లందరినీ ఒక టీములోకి తోలితే మీరు పట్టుకుని తీసేశారు. అప్పుడు మీకు థాంక్స్ చెప్పినవాళ్లలో నేనొకణ్ని. కానీ మా రెండు అకౌంట్లు ఐదేళ్ల పాతవి. ఫోన్ నంబర్లు వేరు, చందా కట్టే బ్యాంకు ఖాతాలు వేరు, ఆ రెండు రోజులు తప్ప ఇంటర్నెట్ కూడా వేరు. ఇవన్నీ మీ రికార్డుల్లోనే ఉంటాయి. ఒక్క ఫోన్ చేసి అడిగినా తేలిపోయేది. మా దిక్కు లీగుల్లో చుట్టాలు, పక్కింటోళ్లు, కలిసి చదువుకున్నోళ్లే ఉంటారు. వాళ్ల మధ్య బేరాలన్నీ కుమ్మక్కులే అనుకుంటే ఇక లీగే నడవదు.

ఇక విలువ మీటర్. నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్‌లో రోజూ పొద్దున జెండా పాట జరుగుతుంది. యార్డులో మేలైన సరుకుకు ఆ రోజు పలికిన పై రేటు అది. పేపర్లో వచ్చేది అదే, రైతు మనసులో పెట్టుకుని బస్తాలు తెచ్చేదీ అదే. కానీ ప్రతి బస్తాకూ ఆ రేటు రాదు. తేమ ఎంత, తాలు (నాసిరకం కాయ) ఎంత కలిసింది, రంగు ఎట్లుంది, కొనేవాడికి ఆ రోజు ఏ రకం కావాలి, ఇవన్నీ చూసి బేరం తెగుతుంది. మీ మీటర్ జెండా పాట లాంటిది. 94 అంటే ఇంత, 78 అంటే ఇంత అని పై రేటు చెబుతుంది. పొడుగోడి మోకాళ్ల వయసు దానికి పట్టదు, నా క్యాప్ గోస అంతకన్నా పట్టదు. మీ రూల్‌బుక్‌లోనే ఈ మీటర్ ‘మేనేజర్ల అవగాహన కోసం మాత్రమే’ అని రాసి ఉంది. అవగాహన కోసం పెట్టినదాన్ని తీర్పుకు ఎప్పుడు వాడడం మొదలుపెట్టారో మాకు ఎవరూ చెప్పలేదు.

ట్రేడ్ న్యాయమా కాదా అన్నది మా ఇంట్లోనే తేలలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. మా ఆవిడ అయితే “తమ్ముడని అగ్గువకు ఇచ్చినవా?” అని ఇప్పటికీ అడుగుతోంది. నా వైపు వాదన ఇది. 2019 జూలైలో లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్ పాల్ జార్జ్ కోసం ఓక్లహోమా సిటీకి షే గిల్జియస్ అలెగ్జాండర్‌ను, డానిలో గల్లినారీని, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లను, వాటికి తోడు రెండు పిక్ మార్పిడి హక్కులను ఇచ్చింది. అంతకు ముందు సీజన్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి) ఓటింగులో జార్జ్ మూడో స్థానంలో ఉన్నాడు. షే ఒక్క సీజన్ ఆడిన కుర్రాడు, మ్యాచ్‌కు 11 పాయింట్ల సగటు కూడా లేదు. ఆ పిక్‌లలో ఒకదానితో 2022లో జేలెన్ విలియమ్స్ వచ్చాడు. 2025లో ఓక్లహోమా చాంపియన్, షే ఎంవీపీ. క్లిప్పర్స్ ఇప్పటికీ ఫైనల్ గడప తొక్కలేదు. నా 22 ఏళ్ల గార్డు షే అవుతాడని నేననడం లేదు. అవుతాడేమో చూడడానికే గదా మేనేజర్‌గా చందా కట్టేది!

మా బామ్మర్ది దీనికి 2018 టొరంటోను చూపిస్తాడు. డిమార్ డిరోజన్‌ను, యాకొబ్ పోల్టెల్‌ను, ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ను ఇచ్చి కవాయ్ లెనార్డ్‌ను, డానీ గ్రీన్‌ను తెచ్చుకుంది. కవాయ్ అక్కడ ఉన్నది ఒక్క సీజనే, 2019 కప్పు మాత్రం టొరంటోదే. “కప్పు వచ్చినాక పిక్‌లెందుకు బావా” అంటాడు. అదీ కాదనలేను. ఇద్దరికీ రెండు వేర్వేరు అవసరాలున్నాయి కాబట్టే ఈ బేరం తెగింది.

న్యాయం కోసం లీగు కలగజేసుకోవడం నిజం ఎన్‌బీఏలో లేదా అంటే, ఉంది. 2011 డిసెంబర్‌లో క్రిస్ పాల్‌ను లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కు పంపే ట్రేడ్‌ను కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ఆపేశారు. దాని మీద ఇప్పటికీ జనం కొట్లాడుకుంటారు. కానీ అప్పుడు పాల్ ఆడే న్యూ ఆర్లీన్స్ టీముకు యజమాని ఎన్‌బీఏనే. తన టీము ఆటగాణ్ని తాను ఇవ్వనంది. పైగా సీజన్ ఇంకా మొదలే కాలేదు, ఎవరూ కొత్త జెర్సీ వేసుకుని ఒక్క నిమిషం ఆడలేదు. అదే 2025 ఫిబ్రవరిలో డాలస్ టీము లూకా డాంచిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చి ఆంథనీ డేవిస్‌ను, మాక్స్ క్రిస్టీని, 2029 ఫస్ట్ రౌండ్ పిక్‌ను తీసుకున్నప్పుడు సగం ప్రపంచం అన్యాయం అన్నది. డాలస్ అభిమానులు స్టేడియం బయట నిరసనకు దిగారు. లీగు కదలలేదు. డేవిస్ డాలస్ తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌లోనే గాయపడి బయటికి పోయాడు. అయినా అతణ్ని వెనక్కి తీసుకోండని డాలస్ ఎవరినీ అడగలేకపోయింది.

డాలస్ అడగలేకపోయిన పనే మీరు చేశారు, తిరగేసి. నా అసలు బాధ ఇది. ఫిబ్రవరి 6న, కరీంనగర్ తరఫున తొమ్మిదో మ్యాచ్ ఆడుతూ పొడుగోడికి మోకాలు పోయింది. సీజన్ మొత్తం ఇక ఆడడు. మీరు ట్రేడ్ రద్దు చేసి అతణ్ని నాకు పంపారు, మోకాలి గాయంతో సహా, మూడు సీజన్ల జీతంతో సహా. ఒకణ్ని ఇచ్చి ముగ్గుర్ని తెచ్చుకున్నప్పుడు 15 మంది పరిమితికి లోబడడానికి నేను ఇద్దరిని వదిలేశాను. అందులో మంచి షూటర్‌ను మర్నాడే కాజీపేట టీము తీసుకుంది. అతను నాకు తిరిగి రాలేదు. 11 మ్యాచ్‌ల ఫలితాలు కూడా అట్లాగే ఉన్నాయి, నా 8 ఓటములు నావే, బామ్మర్ది 10 గెలుపులు అతనివే. ఇప్పుడు నా టీములో 13 మంది. ఆడగలిగేది 12 మంది. కుమ్మక్కయి లాభపడ్డాడని మీరు అనుమానించిన కరీంనగర్ మేనేజర్‌కు గెలుపులు మిగిలాయి, కుర్ర గార్డు తిరిగొచ్చాడు, విరిగిన సెంటర్ వదిలిపోయాడు. మీరు వేసిన శిక్ష వల్ల బాగుపడింది ఆయనే. బామ్మర్దికే సిగ్గేసి ఫోన్ చేశాడు.

మార్కెట్‌లో కాంటా అయ్యి తక్‌పట్టీ (తూకం, రేటు రాసిన చీటీ) చేతికిచ్చాక, మర్నాడు రేటు పెరిగిందని రైతూ బస్తా వెనక్కి అడగడు, తగ్గిందని వ్యాపారీ అడగడు. ఒకవేళ తూకంలో మోసం జరిగిందని తేలితే సరుకంతా మళ్లీ కాంటా మీదికి ఎక్కుతుంది. సగం బస్తాలు ఎక్కించి సగం వదిలేయరు.

కాబట్టి నేను అడిగేది రెంట్లో ఒకటి. మా ట్రేడ్‌ను ఉన్నదున్నట్టు తిరిగి అమలు చేయండి. నేను ఓడిపోయినా సరే, నన్ను కాపాడమని నేను మిమ్మల్ని అడగలేదు. లేదా మీకు అది నిజంగా తప్పుడు ట్రేడే అనిపిస్తే, మొత్తం లీగును జనవరి 28 రాత్రికి తీసుకుపోయి 11 మ్యాచ్‌లూ మళ్లీ ఆడించండి. గాయం లేని పొడుగోణ్ని, నేను వదిలేసిన ఇద్దరినీ నాకివ్వండి. మిగతా 14 మంది మేనేజర్లకు అది ఇష్టముండదని తెలుసు. వాళ్లతో ఓటు పెట్టించండి. ఈ రెండూ కుదరదంటే ఈ ఏడాది చందా వాపసు చేయండి. ఇంకొక చిన్న మాట, మీటర్‌లో ఎంత తేడా వస్తే ట్రేడ్ ఆగుతుందో వచ్చే సీజన్‌కు ముందే రూల్‌బుక్‌లో అంకెతో రాయండి. అప్పుడు ఆ అంకె చూసుకునే బేరం ఆడుకుంటాం.

9వ తేదీ రాత్రి నేను పెట్టిన మొదటి ఫిర్యాదుకు ‘మా నిర్ణయం తుది నిర్ణయం’ అని రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. మనిషి చదివి రాసినట్టు లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. నాకు నెల కూడా చాలదు. మా లీగు ట్రేడ్ గడువు ఈ నెల 22న ముగుస్తుంది. ఆలోపు తేల్చకపోతే 13 మందితోనే సీజన్ ముగించాలి. 20వ తేదీ దాకా చూసి, ఆ తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తాను.

ట్రేడ్ నమోదు, ఓటింగు ఫలితం, మీ రద్దు మెయిల్, గాయం నోటీసు స్క్రీన్‌షాట్లు జత చేశాను.

ఇట్లు,
మీ చందాదారు,
హనుమకొండ

తా.క.: మా బామ్మర్ది కూడా ఇదే విషయం మీద మీకు వేరే ఉత్తరం రాస్తున్నాడు. కరీంనగర్‌లో తన ఇంట్లో కూర్చుని, తన ఇంటర్నెట్ నుంచే పంపమని గట్టిగా చెప్పాను.