ఆ రోజు మీరేమన్నారు, మంత్రి గారూ?

గౌరవనీయులైన వికలాంగుల సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శాఖ పేరు తప్పు రాసి ఉంటే మన్నించండి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మేం వికలాంగులం. కొన్నాళ్లకు దివ్యాంగులమయ్యాం, తర్వాత విభిన్న ప్రతిభావంతులం. పేరు మారినప్పుడల్లా బోర్డు మారుతుంది, రబ్బరు స్టాంపులు మారతాయి, లెటర్‌హెడ్‌లు కొత్తవి అచ్చు వేస్తారు. ఆ బోర్డు కిందున్న మూడు మెట్లు మాత్రం నేను చేరిన నాడు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. సరే, అది నా బాధ కాదు, నా కాళ్లు బాగానే పనిచేస్తాయి. మెట్ల గురించి మా రికార్డ్ అసిస్టెంట్ విడిగా రాసుకుంటాడు. నాది వేరే గొడవ.

కిందటి డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవం నాడు, మీరు మా కార్యాలయంలో సభకు వచ్చారు. ఆ రోజు మీకు అలాంటి సభలు ఇంకో నాలుగు ఉన్నాయని విన్నాను (విన్నాను అంటే, ఎవరో కాగితం మీద రాసి చూపించారు). కాబట్టి మీకు గుర్తుండకపోవచ్చు. మొదటి వరసలో ఎడమ నుంచి మూడో కుర్చీ నాది. నాకు ఏడేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి పోయింది. మాట పోలేదు, చదువు పోలేదు, పోటీ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుని ఇప్పుడు సీనియర్ అసిస్టెంట్‌గా ఉన్నాను. ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం, సందర్భాన్ని బట్టి ఇంకో పావు అర్థం చేసుకుంటాను. మిగతా పావు నవ్వి సరిపెట్టేస్తాను. చెవిటివాళ్లు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారని మీకెవరైనా చెబితే దానికి కారణం ఇదే.

మీరు ఆ రోజు ఇరవై నిమిషాలు మాట్లాడారు. మైకు నోటికి ఆనించి పట్టుకున్నారు. పెదవులు కనపడవు, మీసం పైభాగం మాత్రం కదులుతూ కనపడింది. మధ్యమధ్యలో కెమెరాల వైపు తిరిగేవారు, అప్పుడు అదీ లేదు. సైగల భాష ఇంటర్‌ప్రెటర్ లేడు. మీ ప్రసంగం కాపీ ఏమైనా ఉందా అని మా సూపరింటెండెంట్ గారిని అడిగితే ష్ అని వేలు చూపించారు. చెవిటివాడికి వినపడని సభలో చెవిటివాణ్నే నోరు మూసుకోమన్నారన్నమాట. పక్కవాళ్ల చేతులు చూసి నేనూ చప్పట్లు కొడుతూ కూర్చున్నాను. ఒకసారి పక్కాయన దోమను కొట్టాడు, అది ప్రసంగంలో మంచి ఘట్టం అనుకుని నేను చప్పట్లు మొదలుపెట్టాను. నాతోపాటు వెనక వరసలవాళ్లూ కొట్టారట. మీరు కూడా సంతోషించే ఉంటారు.

అసలు సంగతి దీని తర్వాత జరిగింది. నన్ను వేదిక మీదికి పిలిచారు, శాలువా కప్పారు. కప్పి, మీరు ముందుకు వంగి నా చెవిలో ఏదో చెప్పారు.

చెవిలో, సార్.

మర్నాడు పేపర్లో ఆ ఫోటో వేశారు, బాగానే వచ్చింది. నేను అలవాటు ప్రకారం నవ్వుతున్నాను. మీరేం చెప్పారో నాకు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. పక్కనున్నవాళ్లను అడిగాను. "వచ్చే ఏడాది నుంచి ప్రతి సభకీ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టిస్తా అన్నారు, నువ్వు అదృష్టవంతుడివి" అని సూపరింటెండెంట్ గారు రాసి చూపించారు. "ధైర్యంగా ఉండు అన్నారు" అని టైపిస్టు గారు. ఫోటో తీసినాయన మాత్రం "కెమెరా వైపు చూడు అన్నారు, అంతే" అన్నాడు. కంటిచూపు లేని మా టెలిఫోన్ ఆపరేటర్ మీ ప్రసంగం మొదటి నుంచి చివరిదాకా విన్నాడు, ఎందుకంటే అతనికి అదొక్కటే దారి. అతనికి మీరు ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు, అందులో ఏం రాసుందో నేను చదివి చెప్పాను. బదులుగా మీ ప్రసంగంలో ఏముందో అతను ఫోన్‌లో టైపు చేసి చూపించాడు. "కొత్తగా ఏం లేదు, కిందటేడుదే." మా ఇద్దరికీ కలిపి ఒక సభ పూర్తయిందన్నమాట.

తెలుగులో పెదవులు చదవడం ఎంత కష్టమో మీకు తెలియకపోవచ్చు. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి. పాట, బాట, మాట నా కంటికి ఒకటే. అద్దం ముందు నిలబడి గొంతు పెగల్చకుండా పలికి చూడండి. మీరు ఆ రోజు నాకు ఇచ్చింది మాటో, చూపించింది బాటో, అందరికీ పాడే పాటో తేల్చుకోలేక నేను సూపరింటెండెంట్ గారు చెప్పిందే నమ్మాను. ఆశ అలాంటిది.

ఆ నమ్మకంతోనే జనవరిలో మొదటి అర్జీ పెట్టాను, పేపర్లో ఫోటో జతచేసి మరీ. సదరు హామీ రికార్డులో లేదని జవాబు వచ్చింది. ఏప్రిల్‌లో రెండోది. ఇంటర్‌ప్రెటర్‌కు డబ్బు చెల్లించడానికి బడ్జెట్ హెడ్ (అంటే ఖర్చు రాసే పద్దు) లేదన్నారు. శాలువాలకూ ఫ్లెక్సీలకూ ఏ హెడ్ ఉందో నేను అడగలేదు, మర్యాద ఉండాలి కదా. మూడోది నేరుగా మీ పేషీకి పంపాను. అది పై నుంచి కిందికి ఒక్కో మెట్టూ దిగుతూ, ప్రతి చోటా "తగు చర్య నిమిత్తం" అని ఒక ముద్ర వేయించుకుంటూ, చివరికి మా కార్యాలయానికి, మా సెక్షన్‌కి, నా బల్ల మీదికే వచ్చింది. ఎందుకంటే ఉద్యోగుల అర్జీలు చూసే సీటు నాదే. నా అర్జీకి నోట్ ఫైలు నేనే పెట్టుకున్నాను. "అర్జీదారు విజ్ఞప్తి సమంజసమే" అని రాశాను, అంతకంటే నిజాయితీగా ఇంకెవరు రాస్తారు. పైఅధికారి దాని మీద "ప్లీజ్ డిస్కస్" అని రాసి తిప్పి పంపారు. వెళ్లాను. ఆయన ఫైలులోకి తల వంచుకుని అయిదు నిమిషాలు డిస్కస్ చేశారు. నేను నవ్వి వచ్చేశాను.

చట్టం మీకు చెప్పేంతవాణ్ని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ మీకు తెలుసు, ప్రతి ప్రభుత్వ సంస్థా మాకు కావలసిన సహేతుకమైన ఏర్పాట్లు చేయాలి, చేస్తే మంచిది అని కాదు, చేయాలి. 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుండాలి, రిజిస్టర్ ఉండాలి, నమోదైన ఫిర్యాదును రెండు వారాల్లో విచారించాలి. మా దగ్గర ఆ అధికారి ఎవరని అడిగితే ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ముఖాలు చదవడం నాకు బాగా వచ్చు, అక్కడ ఏమీ రాసి లేదు. చట్టం అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. అప్పటి నుంచి డిసెంబర్ 3లు ఎన్ని జరిగాయో మీరే లెక్కపెట్టుకోండి, ఒక్క ఏడాదీ తప్పలేదు.

ఇదే కార్యాలయం మిగతా పండగల విషయంలో ఇంత మొద్దుగా ఉండదు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. రంజాన్ నెల వస్తుందంటే ముస్లిం ఉద్యోగులు సాయంత్రం గంట ముందు ఇంటికి వెళ్లొచ్చని ప్రభుత్వ ఉత్తర్వు ముందే వచ్చేస్తుంది. చాలా మంచి ఉత్తర్వు. ఆ నెలలో సాయంత్రం మీటింగులు పెట్టొద్దని ఎవరూ చెప్పకుండానే మావాళ్లు పొద్దుటికి జరుపుతారు. ఐచ్ఛిక సెలవులు ఏడాదికి 5 ఉన్నాయి, ఎవరి పండగకు వాళ్లు పెట్టుకుంటారు, ఫలానా పండగ నీకెందుకు ముఖ్యమో నిరూపించు అని ఎవరూ అడగరు. ఒక్క పెద్దాయన కూడా నమాజు ఎలా చేయాలో అబ్దుల్లాకు మైకులో చెప్పడు. అంటే ఒకరి రోజును గౌరవించడం మా కార్యాలయానికి తెలుసు. ఆ మనిషికి ఆ రోజున ఏం కావాలో కనుక్కుని, టైము కాస్త ఇటు అటు జరిపి, పక్కకు తప్పుకోవడం. అంతే కదా. మా రోజు వచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఎటు పోతుందో, మా పండగ మీరు చేసుకుని మమ్మల్ని చూడటానికి పిలుస్తారు. పైగా చూడటం రానివాడికి చూపిస్తారు, వినలేనివాడికి వినిపిస్తారు.

మా పక్క సెక్షన్‌లో ఒకావిడ ఉన్నారు, వాళ్లబ్బాయికి ఆటిజం. ఏప్రిల్ 2 ఆటిజం అవగాహన దినం, ఐక్యరాజ్యసమితి 2007లో ప్రకటించింది. నిజం చెప్పాలంటే ఆవిడ చెప్పేదాకా నాకూ తెలియదు, చెవిటివాడిననే పొగరులో మిగతావాళ్ల కష్టం నేనూ పట్టించుకోలేదు. ఈ ఏడాది ఎవరో ఉత్సాహంగా అందరికీ నీలం రిబ్బన్లు పంచారు. ఆవిడ రిబ్బన్ పెట్టుకుని, ఫోటో దిగి, ఆ తర్వాత తన దరఖాస్తు ఏమైందని అడిగారు. వారంలో రెండు రోజులు పిల్లాడి థెరపీకి గంట ముందు పంపమని ఆవిడ ఏడాదిగా అడుగుతున్నారు. పంపితే అందరూ అడుగుతారు అన్నారు. అందరూ ఏం అడుగుతారు సార్, ఆటిజం ఉన్న పిల్లాణ్ని ఇప్పించమనా?

మీ నుంచి మేం కోరేది పెద్దదేమీ కాదు. సభ పెడితే ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టండి. ఢిల్లీలో సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015 నుంచి ఉంది, పదివేల పదాల నిఘంటువు 2021లో తెచ్చారు, అంటే ఇది ఎక్కడా లేని విద్య కాదు. దొరకలేదంటే మీ ప్రసంగం ముందుగా కాగితం మీద ఇవ్వండి, కిందటేడుదే అయినా పర్వాలేదు, నేను చదవలేదు కదా. సర్క్యులర్లను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దని చెప్పండి, మా ఆపరేటర్ ఫోన్ బొమ్మలోని అక్షరాలను చదివి వినిపించలేకపోతోంది. పక్క సెక్షన్ ఆవిడను థెరపీ రోజుల్లో గంట ముందు పంపించండి. ఆ ఫిర్యాదుల అధికారి ఎవరో గోడ మీద రాయించండి. సభకు ముందు మాలో ఒక్కరినైనా పిలిచి ఏం చేద్దాం అని అడగండి. ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టండి. ఇది మళ్లీ రాశానని తెలుసు, నాలుగోసారి రాస్తున్నాను, అర్జీలు కలిపితే.

సెప్టెంబర్ 23 సైగల భాషల దినోత్సవం. ఆ రోజు మా కార్యాలయంలో ఏమీ జరగదు, దానికి మాత్రం నాకు సంతోషమే.

ఇవేవీ కుదరవంటే ఇంకొక్కటి, దానికి బడ్జెట్ హెడ్ అక్కర్లేదు. ఈ డిసెంబర్ 3న మీరు ఎక్కడ మాట్లాడినా మైకు గడ్డం కిందికి పట్టుకోండి. రెండంగుళాలు కిందికి. నేను మొదటి వరసలోనే కూర్చుంటాను, కూర్చోబెడతారు ఎలాగూ.

కిందటేడు మీరు నా చెవిలో చెప్పిన ఆ ఒక్క వాక్యం మాత్రం దయచేసి రాసి పంపించండి. కెమెరా వైపు చూడు అనే అని ఉంటే అదే రాయండి, నేనేమీ అనుకోను, కనీసం ఆ ఫోటోలో నేను ఎటు చూడాల్సిందో తెలుస్తుంది.

జవాబు కాగితం మీదే పంపాలని మనవి. ఎవరిచేతా ఫోన్ చేయించకండి. మూడో అర్జీ మీద మీ పేషీ నుంచి ఒకే రోజు మూడు సార్లు ఫోన్ చేశారట. తర్వాత ఫైలు మీద "అర్జీదారు స్పందించలేదు, మూసివేయడమైనది" అని రాశారు. ఆ ఫైలు కూడా నా బల్ల మీదికే వచ్చింది.

ఇట్లు,
మొదటి వరస, ఎడమ నుంచి మూడో కుర్చీ