సరిహద్దు తెలుగు ఇళ్లనూ లెక్కపెట్టండి

ఏ సీరియల్ ఉంచాలో, ఏది ఆపాలో తెలుగు ఛానళ్లు రేటింగులు చూసి తేల్చుకుంటున్నాయి, ఆ లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాల బయటి తెలుగు ఇళ్లకు విలువ లేకుండా పోతోంది. టీవీలో ఎవరు ఏం చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ దేశంలో 50 వేలకు పైగా ఇళ్లలో మీటర్లు పెట్టి వారం వారం అంకెలు ఇస్తుంది. మన ఛానళ్లకు కావాల్సింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మార్కెట్ అంకె. ప్రకటనల రేటు పలికేది దాన్నిబట్టే. ఒడిశాలో ఉన్న ఇల్లు తెలుగు చూసినా ఒడిశా మార్కెట్ కిందికే పోతుంది. గిడుగు రామమూర్తి పంతులు వాడుక తెలుగు కోసం పోరాడిన పర్లాకిమిడి మాది. 1936లో ఒడిశాలో కలిసినా మా ఇంట్లో మాట తెలుగే. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, సాయంత్రం వాళ్ల చెవిన పడే తెలుగు సగం టీవీదే. మా అత్తగారు రెండేళ్లుగా వదలకుండా చూసిన సీరియల్‌ని మొన్న ఉన్నట్టుండి ముగించేశారు. కోర్టు కేసు, ఆస్తి తగాదా, తప్పిపోయిన బిడ్డ అన్నీ ఒక్క ఎపిసోడ్‌లో తేలిపోయి ‘శుభం’ పడింది. ఆవిడ రిమోట్ పట్టుకుని ‘రేపు రాదా అమ్మా?’ అని అడిగితే నాకు నోట మాట రాలేదు. పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, మహారాష్ట్రలోని సిరొంచ వంటి చోట్ల తెలుగు ఇళ్ల చూపును బార్క్ విడిగా లెక్కగట్టి చూపాలి. ఛానళ్లు ఆ అంకెను, మొబైల్ యాప్‌లో చూసేవారిని కూడా కలిపి చూశాకే నిర్ణయం తీసుకోవాలి. ఆపక తప్పదంటే కనీసం రెండు వారాల ముందు తెర మీద చెప్పి, కథను సరిగ్గా ముగించాలి.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా