గొంగడి ఇంకా నా దగ్గరే ఉంది

ఈ పోస్టు జనవరిలో రాయాల్సింది. ఇప్పుడు ఏప్రిల్. మొదటి నెల నొప్పి, రెండో నెల బద్ధకం, మూడో నెల ఇంత ఆలస్యంగా ఏం రాస్తాంలే అన్న సిగ్గు. నిన్న ఊతకర్ర లేకుండా వంటింటి దాకా నడిచి నా కాఫీ నేనే కలుపుకున్నాను. ఇక సాకు లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మేం అయిదుగురం. శని, ఆదివారాల్లో బౌల్డరింగ్‌కి పోతాం. తాడు లేకుండా, మరీ ఎత్తుగా లేని బండల మీద, కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు పరిచి ఎక్కడమే బౌల్డరింగ్. నాలుగేళ్ళ క్రితం ఖాజాగూడ గుట్టల దగ్గర మొదలుపెట్టాం, ఆఫీసుకి దగ్గరని. అక్కడ జనం, సెల్ఫీలు, సీసా పెంకులు ఎక్కువై మెల్లగా ఊరు దాటాం. సంక్రాంతి సెలవులు ఎక్కువ దొరికితే హంపి, లేకపోతే రాచకొండ. హైదరాబాద్ నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు, చౌటుప్పల్ దాటి లోపలికి పోవాలి. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రాజధాని చేసుకున్న చోటు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన కోట గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గోడల పక్కన నిలబడినప్పుడల్లా మేం ఎక్కేది ఏపాటి అనిపిస్తుంది నాకు.

పండగ అయిన తర్వాతి ఆదివారం, పొద్దున ఎనిమిదిన్నర. ఎండెక్కితే చేతికి చెమట పట్టి రాయి జారుతుంది కాబట్టి ఐదింటికే బయల్దేరాం. నేను ఎక్కుతున్న బండ పన్నెండడుగులు ఉంటుంది. బండ ఎక్కే దారిని మేం ప్రాబ్లెమ్ అంటాం, అదెంత కష్టమో వీ నంబరు చెబుతుంది. ఇది వీ3, మా స్థాయికి కష్టమే గానీ గొప్పదేం కాదు. పోయినేడాది రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. ఈసారి ఎనిమిదడుగుల ఎత్తులో ఎడమ చెయ్యి ఒక అంచు మీద వేసి బరువంతా దాని మీదకి తెచ్చాను. ఆ అంచు నా చేతిలోకి వచ్చేసింది. అప్పడం విరిగినట్టు చప్పుడు, అంతే.

మన రాళ్ళకి ఈ గుణం ఉంది. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. ఎక్కడో లోతున గట్టిపడింది. పైనున్నదంతా కాలక్రమేణా కొట్టుకుపోయి బరువు తగ్గేసరికి ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుతూ వస్తుంది. అలా సగం విడి, ఊడకుండా అంటుకుని ఉన్నవే పెచ్చులు. పట్టుకోడానికి భలే ఉంటాయి, అదే వాటితో తంటా. అందుకే పట్టుకునే ముందు పుచ్చకాయని తట్టినట్టు వేలి కణుపుతో తట్టి చూడాలి. గట్టి రాయి టక్కుమంటుంది, పెచ్చు డొల్లగా మోగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే. పోయినేడాది ఆ అంచుని తట్టి చూశాను కూడా. ఏడాదిలో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పోయాయన్న సంగతి తట్టలేదు.

కింద రెండు ప్యాడ్లు ఉన్నాయి. రెంటి మధ్యా జానెడు సందు ఉంది. నా కుడికాలు సరిగ్గా ఒక ప్యాడ్ అంచు మీద పడి సందులోకి మడతపడింది. చీలమండకి రెండు వైపులా ఎముక విరిగిందని సాయంత్రం తెలిసింది. ఆ క్షణంలో మాత్రం పాదం చూపు పక్కకి తిరిగి ఉండటం చూసి, "ఇది నాది కాదు" అనుకున్నాను. నిజంగానే అలా అనిపించింది, ఎవరిదో కాలు పొరపాటున నా దగ్గర పడినట్టు.

మాలో ఒకతను ఆఫీసులో ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకున్నాడు. శిక్షణకి వెళ్ళేది బిర్యానీ కోసమని మేం ఏడిపించేవాళ్ళం. ఆ రోజు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. బిగుతుగా ఉన్న బూటుని లేసులు మొత్తం విప్పి, కదపకుండా తీశాడు. కాలికి రెండు పక్కలా దుప్పటి చుట్టలు పెట్టి కట్టాడు. ప్రతి ఐదు నిమిషాలకీ నా బొటనవేలి గోరు నొక్కి, తెల్లబడినచోట మళ్ళీ ఎరుపు వస్తోందో లేదో చూశాడు. వస్తోంది అంటే రక్తం ఆడుతోందన్నమాట. ఇక బిర్యానీ మాట ఎత్తను.

ఫోన్లకి సిగ్నల్ లేదు. బండల మధ్య తిరిగి తిరిగి చివరికి ఎక్కడ దొరికిందంటే, నేను ఎక్కలేక పడ్డ బండ నెత్తిన. వెనకవైపు నుంచి సులువుగా ఎక్కే దారి ఉందిలెండి. మా వాడు అక్కడ నిలబడి 108కి దారి చెబుతుంటే, కింద పడుకుని అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. ఈ 108 నేను నాలుగో తరగతిలో ఉండగా, 2005 ఆగస్టు 15న, మన హైదరాబాద్‌లోనే మొదలైంది. రోడ్డు మీద కూత పెడుతూ పోతుంటే పక్కకి తప్పుకోవడమే తప్ప, నాకోసం వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

అంబులెన్స్ మట్టిరోడ్డు దాకా వస్తుంది. అక్కడి నుంచి మా దగ్గరికి కిలోమీటరు, అంతా బండలు, తుప్పలు. నన్ను క్రాష్ ప్యాడ్ మీదే మోద్దామని మావాళ్ళ ప్లాను. ప్యాడ్ మధ్యలో మడత ఉంటుంది కదా, ఎత్తగానే పుస్తకం మూసుకున్నట్టు నామీదకి మూసుకుంది. నా అరుపు కోట గోడలకి తగిలి తిరిగొచ్చింది.

ఆ అరుపుకే వచ్చారు వాళ్ళు. ఒక పెద్దయ్య, పెద్దమ్మ, వెనక గొర్రెల మంద. పేర్లు రాయడం లేదు. ఇలా రాస్తానని వాళ్ళని అడగలేదు, అడక్కుండా రాయడం బాగుండదు. పెద్దయ్య నా కాలు చూశాడు, ప్యాడ్ చూశాడు. "గీ పరుపు మీద మోస్తే సగం తొవ్వల పిల్ల కింద వడ్తది" అని, భుజం మీద గొంగడి తీసి నేల మీద పరిచాడు. పెద్దమ్మ నా తల పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడిచింది. "ఏం గాదు బిడ్డా, బుగులు వడకు. కాలే ఇరిగింది, పానం వోలే గదా" అంది. మా ఊరు గుడివాడ దగ్గర. బుగులు అంటే భయమని అప్పటికి నాకు తెలియదు. తెలియకపోయినా పని చేసిందా మాట.

గొంగడిని దగ్గరగా చూసింది అదే మొదటిసారి. నల్ల గొర్రె ఉన్ని. గరుకుగా, బరువుగా, పొగ వాసనా మంద వాసనా కలిసి ఉంటుంది. నేసే ముందు దారానికి చింతగింజల గంజి పట్టిస్తారట, ఇది తర్వాత తెలిసింది. నన్ను దాని మీదకి జరిపి, అంచుల్ని రెండు పక్కల నుంచీ లోపలికి గట్టిగా చుట్టి, చుట్టిన చోట పిడికిళ్ళతో పట్టుకోమన్నాడు. పెద్దయ్య కేకేస్తే దిగువ చేలోంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. మావాళ్ళు ముగ్గురు, వీళ్ళు ముగ్గురు. నాలుగోవాడు అంబులెన్స్‌కి ఎదురెళ్ళాడు.

నా బరువు అరవై రెండు కిలోలు. ఇన్నాళ్ళూ యాభై ఎనిమిదని చెప్పుకుని తిరిగాను, ఆ ఆరుగురికీ క్షమాపణలు. ఆ కిలోమీటరుకి గంటంబావు పట్టింది. పెద్దయ్య ముందు కుడివైపు. నాకు కనిపించిందల్లా అతని మడమలు, టైరు చెప్పులు, ఆకాశం. ప్రతి బండ దగ్గరా ఆగి, ముందు తన కాలితో నొక్కి చూసి, "ఇది కదుల్తది, పక్కకి రార్రి" అనేవాడు. నేను తట్టి చూడకుండా పట్టుకున్నాను, ఆయన మాత్రం ఒక్క రాయినీ నమ్మలేదు. గొంగడి ఒక్క పోగు తెగలేదు. పెద్దమ్మ మందని మనవడికి వదిలేసి, నా బూట్లు, చాక్ సంచీ పట్టుకుని రోడ్డు దాకా వచ్చింది. చాక్ ముట్టుకుని "సున్నమా?" అని అడిగింది. చెమట పీల్చే పొడి పెద్దమ్మా అన్నాను. చేతులకి మట్టి రాసుకుంటే సరిపోదా అని ఆమె మొహంలో ఉంది గానీ, పాపం, అనలేదు.

ఇక మిగతావాళ్ళు. అంబులెన్స్‌లో టెక్నీషియన్ అన్న, గతుకు రాబోతుంటే ముందే చెప్పి కాలు పట్టుకున్నారు. ఆసుపత్రిలో డిపాజిట్ కట్టింది మావాళ్ళే, తలా ఇంత వేసుకుని, ఇన్సూరెన్స్ సంగతి తేలక ముందే. ఆపరేషన్ రాత్రి నర్సమ్మ నా పక్కన కుర్చీలో కూర్చుని తన కూతురి గణితం మార్కుల గురించి చెబుతూ ఉండిపోయారు. అది నాకోసమేనని పొద్దున గానీ అర్థం కాలేదు. నా గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఓనర్ ఆంటీ కింద తన ఇంట్లో గది ఖాళీ చేసి నన్నూ అమ్మనీ ఐదు వారాలు ఉంచుకున్నారు, అద్దె మాటెత్తితే కసిరారు. ఆవిడ సర్వపిండికీ అమ్మ గోంగూరకీ జరిగిన పోటీలో నేను మూడు కిలోలు పెరిగాను. ఫిజియో అమ్మాయి బొటనవేలితో గాల్లో అ ఆలు రాయించింది. రోజూ మూడుసార్లు. ఋ దగ్గరికి రాగానే కళ్ళలో నీళ్ళు. మా టీమ్ లీడ్ ఆరువారాలు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు, అడక్కముందే. అందరికీ పేరు పేరునా దండాలు.

అమ్మకి వేరే. అమ్మకి నేను రాళ్ళెక్కుతానని తెలియదు, ట్రెక్కింగ్ అని చెప్పేదాన్ని. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "కొండెక్కితే పైన దేవుడన్నా ఉండాలి. దేవుడు కూడా లేని రాయి ఎందుకెక్కావే?" నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అమ్మా, అబద్ధం చెప్పినందుకు సారీ. నువ్వు పక్కన లేకపోతే మొదటి పది రోజులు బాత్రూమ్ దాకా కూడా పోలేకపోయేదాన్ని.

ఇప్పుడు అసలు మాట. మాలో అందరికంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు, ఆ రోజు నా స్పాటర్. స్పాటర్ పని పడేవాళ్ళని పట్టుకోవడం కాదు. నడుము దగ్గర చేతులు పెట్టి తలా వెన్నూ రాయికి తగలకుండా ప్యాడ్ మీదకి మళ్ళించడం, ఎక్కేవాళ్ళు పక్కకి జరిగితే ప్యాడ్ కూడా జరపడం. నేను పడ్డప్పుడు అతని చేతిలో ఫోన్ ఉంది. ఇది తెలిసినవాళ్ళు కొందరు అతన్ని తప్పుపట్టారని ఈమధ్యే విన్నాను. మూడు నెలల నుంచీ అతను ఒక్క బండ దగ్గరికీ రాలేదట.

అందుకే అందరి ముందూ రాస్తున్నాను. వీడియో తియ్యమన్నది నేను. "ఈసారి ఎక్కేస్తాన్రా, కింద నుంచి తియ్యి, రీల్ పెడదాం" అన్నాను. అతను "వద్దక్కా, ప్యాడ్ల మధ్య సందుంది" అన్నాడు. నేను "ఏం కాదులే" అన్నాను. ఈ మూడు మాటలూ ఆ వీడియోలోనే ఉన్నాయి, నా గొంతుతో సహా. తమ్ముడూ, మోసేటప్పుడు ఒక్కసారి కూడా చెయ్యి మారకుండా, పిడికిలి తోలు లేచిపోయినా వదలకుండా పట్టుకున్నది నువ్వే. నా ఎడమ భుజం పక్కనే ఉన్నావు, నాకు కనిపిస్తూనే ఉంది. ఆసుపత్రిలో రెండు రాత్రులు వరండాలో బెంచీ మీద పడుకున్నావని అమ్మ చెప్పింది. నువ్వు లోపలికి రాలేదు, నేను పిలవలేదు. అది నా తప్పు.

ఇంకొకటి. గొంగడి నాతో పాటే అంబులెన్స్‌లో ఎక్కి హైదరాబాద్ వచ్చేసింది. అమ్మ దాన్ని బకెట్లో నానబెట్టబోతే, పాలమూరు వైపు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి ఆపాడు. గొంగడిని ఎండకేసి దులపాలి తప్ప సర్ఫులో నానబెట్టకూడదట. ఫిబ్రవరిలో మావాళ్ళు లడ్డూలు పట్టుకుని రాచకొండ వెళ్ళారు, వాళ్ళని వెతికి పట్టుకున్నారు. తీరా చూస్తే గొంగడి ఇంట్లోనే మర్చిపోయారు! నెత్తి కొట్టుకోవాలనిపించింది. డబ్బులివ్వబోతే పెద్దయ్య చేతులు వెనక్కి పెట్టుకుని ఒకటే మాటన్నాడట, "ఆ పిల్ల నడిసినంక ఆమెనే పట్కరమ్మనుర్రి."

నడుస్తున్నాను. కాకపోతే ఊళ్ళో రోడ్డు మీద నడవడం వేరు, అక్కడ నడవడం వేరు, చేతిలో ఊతకర్ర తప్పదు. గొంగడి నన్ను మోసింది గానీ నేను దాన్ని ఇంకా మొయ్యలేను. వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకి ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ కింద కారు ఆగుతుంది. ముగ్గురం ఖాయం, ముందు సీటు కాలు చాపుకోడానికి నాది. ప్యాడ్లు తేవడం లేదు. తమ్ముడూ, వెనక సీట్లో గొంగడి పక్కన చోటుంది, ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి, కాస్త వాసనొస్తుంది.