అంగుళాల బోల్టుకు మిల్లీమీటర్ల పానా పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

గాజువాక ఆటోనగర్‌లో లారీలు బాగుచేస్తాను. షెడ్డుకొచ్చే పాత బళ్లలో బోల్టుల తలలు గుండ్రంగా అరిగిపోయి ఉంటే బాధేస్తోంది. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, కొన్ని పాత లారీల్లో అంగుళాల బోల్టులు ఇంకా ఉన్నాయి. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టగానే జారి మూలలు తినేస్తుంది. 3/4 అంగుళానికి 19 నంబరు ఇంచుమించు సరిపోతుంది కాబట్టి అన్నిటికీ అంతేనని కుర్రాళ్లు అనుకుంటున్నారు.

పైగా మన ఊరి ఉప్పుగాలి. పోర్టుకు తిరిగే బళ్లకు తుప్పు మరీ ఎక్కువ. వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. ఆరు మూలల సాకెట్టే వాడండి. ముందు కాస్త బిగించి, కదిలాక విప్పండి. డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాల దగ్గర గ్యాస్ మంట వద్దే వద్దు! తల పూర్తిగా పోతే దాని మీద నట్టు వెల్డింగ్ చేయించండి, ఆ వేడికి చాలావరకు పట్టు వదులుతుంది.

ఐటీఐల్లో పిల్లలకు అంగుళాల పానాల సెట్టు కూడా ఇచ్చి నేర్పించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక లారీ మెకానిక్, గాజువాక, విశాఖపట్నం