నాలుగు మాటల పాస్‌వర్డ్

తల్లిదండ్రులకు నమస్కారం.

పేరు, పక్కనే పుట్టిన సంవత్సరం: పిల్లలు ఎక్కువగా పెట్టుకునే పాస్‌వర్డ్ ఇదే. 'ఏ' అక్షరం బదులు ఎట్ గుర్తు, చివర ఒక ఆశ్చర్యార్థకం చేర్చినా లాభం లేదు. పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు మొదట ప్రయత్నించేవి ఆ మార్పులే.

ఈ వారం పిల్లలతో కూర్చుని ఇలా చేయించండి. నిఘంటువును చూడకుండా నాలుగు చోట్ల తెరిచి, వేలు పడిన మాట రాసుకోవాలి. అర్థం తెలియని మాటైతే మళ్లీ తెరవచ్చు, నచ్చలేదని మాత్రం మార్చకూడదు. మనం ఎంచుకుంటే ఇష్టమైన పేర్లూ పాటలూ సామెతలే వస్తాయి, అవి ఊహించడం తేలిక. ఉదాహరణకు తాబేలు, నిచ్చెన, మబ్బు, గొడుగు వచ్చాయనుకోండి. తాబేలు నిచ్చెనెక్కి మబ్బుకు గొడుగు పడుతోందని ఊహించుకుంటే ఇక మరిచిపోరు. (ఇక్కడ అచ్చయింది కాబట్టి దీన్ని వాడకండి.)

ఉదాహరణకు 7,776 మాటల జాబితా నుంచి నాలుగు తీస్తే 36 కోట్ల కోట్లకు పైగా కలయికలు. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలతో వచ్చేవి సుమారు 20,900 కోట్లే. ఈమెయిల్‌కు ఆరు మాటలు పెట్టండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులన్నీ అక్కడికే వస్తాయి కనుక దాని పాస్‌వర్డ్ మరెక్కడా వాడకూడదు.

తెలుగు మాటలతో ఒక చిక్కుంది. 'తాబేలు'ను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరోజు ఒక 'ఏ'తో (tabelu), ఇంకోరోజు రెండింటితో (taabelu) కొడితే ఖాతా తెరుచుకోదు. దీర్ఘానికైనా ఒకే అక్షరం అని ముందే నిర్ణయించుకోండి. అంకె తప్పనిసరి అంటే చివర కాకుండా రెండు మాటల మధ్య పెట్టండి.

కొత్త పాస్‌వర్డ్‌ను మొదటి వారం బ్రౌజర్‌లో సేవ్ చేయకుండా చేత్తోనే కొట్టించండి, వేళ్లకు అలవాటవుతుంది. అప్పటిదాకా కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా దాచుకోవచ్చు. ఫోన్‌లో ఫొటో తీసి ఉంచడం మాత్రం వద్దు. అది తెలియకుండానే ఇతర పరికరాలకు చేరవచ్చు.

నెలనెలా మార్చనక్కర్లేదు. అలా మార్పిస్తే పిల్లలు చివరి అంకె ఒక్కటే పెంచుతారు. లీకైందని తెలిసినా, స్నేహితులకు చెప్పేసినా వెంటనే మార్చించండి. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో తనిఖీ) ఉన్నచోట ఆన్ చేయండి. ఫోన్‌కు వచ్చే ఓటీపీని ఎవరికీ చెప్పొద్దు, బడి పేరు చెప్పి అడిగినా సరే. మేము ఎన్నడూ అడగం.

మీ
ప్రధానోపాధ్యాయులు